రైలు మారితే జరిమానా పడని కార్డు కావాలి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడకు మెట్రో ప్రతిపాదించిన అధికారులు టిక్కెట్ కార్డు సంగతి పట్టాలు వేశాక కాకుండా ఇప్పుడే ఆలోచించాలని మనవి. లండన్‌లో 2003లో వచ్చిన ఆయిస్టర్ కార్డు నేడు సబర్బన్ రైలుకూ భూగర్భ రైలుకూ చెల్లుతుంది గానీ, దిగేచోట గేటు తెరిచి ఉందని కార్డు తాకించకుండా బయటికి నడిస్తే గరిష్ఠ ఛార్జీ కోత పడుతుంది. నగరం నడిబొడ్డు మీదుగా వెళ్ళలేదని నమోదై ఛార్జీ తగ్గాలంటే, రైలు మారేచోట గులాబీ రంగు యంత్రానికి కూడా తాకించాలి. కొత్తవారికి ఇది ఎవరు చెబుతారు?

గుంటూరు నుంచి రైలులో వచ్చి, స్టేషన్ బయట చంకలో సంచీతో చిల్లర వెతుక్కుంటూ సిటీ బస్సెక్కే నాబోటివారికి, దేశమంతటా ప్రయాణాలకు ఒకే కార్డుగా 2019లో వచ్చిన జాతీయ కామన్ మొబిలిటీ కార్డే రైలు, బస్సు, మెట్రో మూడింటిలోనూ చెల్లాలి. పొరపాటున కోసిన సొమ్ము అర్జీ అడగకుండా కార్డులో జమకావాలి, నిబంధనలు గేటు దగ్గరే తెలుగులో కనిపించాలి.

— ఒక ప్రయాణికుడు, గుంటూరు