బావా, మీ గేదె అరుపు గురించి

ఏరా బావా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. దున్నదూడని బేరగాడు బండెక్కించుకుపోయాక గేదె తెల్లవార్లూ అరుస్తూనే ఉందనీ, కుడితి కూడా ముట్టలేదనీ చెప్పావు. "పాడి అన్నాక తప్పదు కదరా" అని నువ్వే అన్నావు, అంతలోనే గొంతు పూడుకుపోయి ఆగిపోయావు. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఆ టైములో ఏం చెప్పాలో తోచలేదు. చెప్పాలనుకున్నది ఫోన్లో తెమిలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆర్నెల్లుగా యూదుల పాత గ్రంథాలు అనువాదాల్లో చదువుతున్నానని నీకు తెలుసుగా. నన్ను అందులోకి దింపింది చీమ. మన బడి గోడ మీద రాసి ఉండేది గుర్తుందా, "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" అని? అది సొలొమోను రాజు పేరుతో ఉన్న సామెతల గ్రంథంలోది. చీమకి అధిపతి లేడు, పైన అజమాయిషీ చేసేవాడూ లేడు, అయినా ఎండాకాలంలోనే తిండి సమకూర్చుకుంటుంది అంటుంది ఆ మాట. మాస్టారు అది చదివించి, బుద్ధి తెచ్చుకోండ్రా అని సరిపెట్టేవారు. వాళ్ల పండితుల వాదోపవాదాలన్నీ కూర్చిన పెద్ద గ్రంథం తాల్ముద్. అందులో రబ్బీ, అంటే గురువు, షిమోన్ బెన్ హలఫ్తా అని ఒకాయన ఉన్నాడు. ఆయన అంతటితో సరిపెట్టుకోలేదు. నిజంగానే చీమలకి రాజు లేడా, చూద్దాం అని బయల్దేరాడు.

మండుటెండలు కాసే తమ్మూజ్ నెల. ఆయన ఒక చీమలపుట్ట దగ్గరికి వెళ్లి తన పైబట్ట తీసి దాని మీద పరిచాడు. చీమలకి ఎండ పడదు, నీడంటే ఇష్టం. ఒక చీమ బయటికొచ్చింది. దానికి గుర్తు పెట్టాడు. అది లోపలికి పోయి నీడ పడిందని కబురు చెప్పింది, మిగతావన్నీ బిలబిలమంటూ వచ్చేశాయి. అప్పుడు బట్ట లాగేశాడు. ఎండ చుర్రుమంది. అన్నీ కలిసి ఆ గుర్తున్న చీమ మీద పడి చంపేశాయి. రాజంటూ ఉంటే చంపే ముందు రాజు అనుమతి అడిగేవి కదా, కాబట్టి రాజు లేడు, అని ఆయన తేల్చాడు.

కథ ఇక్కడితో అయిపోలేదు. చాలా తరాల తర్వాతి పండితుడు ఒకాయన అడ్డం తిరిగాడు. రాజు కూడా ఆ గుంపుతోనే బయటికి వచ్చాడేమో? ముందే హుకుం ఇచ్చి ఉన్నాడేమో? పాత రాజు పోయి కొత్త రాజు ఇంకా రాని రోజులేమో? ఇన్ని సందేహాలున్నాక ఈ పరీక్ష చాలదు, సొలొమోను మాటనే నమ్ముకోవాలి అన్నాడు. చీమ గురించి ఇంత పట్టుపట్టి వాదించుకున్న మనుషులంటే నాకు గౌరవం కలిగింది బావా. నీతి చెప్పడానికి ముందు వంగి నేల మీదికి చూశారు. చూసినప్పుడు చీమలు తోటి చీమని చంపడం కంటబడితే దాన్ని కూడా దాచకుండా రాశారు.

అదే రబ్బీ పేరుతో మిద్రాష్‌లో, అంటే వాళ్ల పాత వ్యాఖ్యానాల్లో, ఇంకో చీమ కథ ఉంది. ఒక చీమ గోధుమ గింజ జారవిడుచుకుంది. వచ్చిన చీమల్లా వాసన చూసి పక్కకి తప్పుకుంది, ఒక్కటీ ఎత్తుకుపోలేదు. చివరికి ఆ గింజ ఎవరిదో ఆ చీమే వచ్చి తీసుకెళ్లింది.

మూడో శతాబ్దంలో రబ్బీ యోహానాన్ చెప్పిన మాట కూడా ఇలాంటిదే. దేవుడు తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, ఇవ్వకపోయి ఉంటే సిగ్గూ మర్యాదా పిల్లి దగ్గర నేర్చుకునేవాళ్లం, దొంగతనం కూడదని చీమ దగ్గర, జంట విషయంలో నమ్మకం పావురం దగ్గర, భార్యతో ఎలా మెలగాలో కోడిపుంజు దగ్గర నేర్చుకునేవాళ్లం అన్నాడు. పిల్లి ఎందుకంటే మలం మీద మట్టి కప్పుకుంటుంది కాబట్టి. మరి కోడిపుంజు? అది పెట్టని ముందు బుజ్జగిస్తుందట. నీకు పాదాల దాకా వచ్చే పైవస్త్రం కొనిపెడతాను అంటుందట. తర్వాత తల వంచి, నా దగ్గర డబ్బుండీ కొనకపోతే నా జుట్టు ఊడిపోనీ అంటుందట. పుంజు రెక్క నేలకి దించి పెట్ట చుట్టూ తిరగడం, ఆనక తల వంచడం మీ పెరట్లో మనం ఎన్నిసార్లు చూడలేదు! ఆ పండితులు చూసింది అదే. అందులో వాళ్లకి ఒక మగవాడు భార్యని బతిమాలుకోవడం కనిపించింది.

సంకుబుడి కొంగ సంగతి ఇంకొకటి. హీబ్రూలో దాని పేరు హసీదా, దయ గలది అని. తోటి కొంగలతో మేత పంచుకుంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. అయినా దాన్ని తినకూడని అశుద్ధమైన పక్షుల్లో చేర్చారు. ఎందుకంటే దాని దయ తన వాళ్ల వరకే అని తర్వాతి కాలపు గురువులు వివరణ ఇచ్చారు. ఇది చదివిన రోజు పుస్తకం మూసి, ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలా ఉండిపోయాను.

సరే, ఇవి జంతువులు మనకి నేర్పినవి. నీకు రాయాలనుకున్నది ఆ నేర్చుకున్నవాళ్లు తిరిగి జంతువులకి ఏం చేశారన్నది. తాతయ్య కళ్లంలో తిరిగే ఎద్దులకి చిక్కం కట్టనిచ్చేవాడు కాదని, "తిననీరా, దాని కష్టమే కదా" అనేవాడని నువ్వే చెప్పావు. తోరాలోని ద్వితీయోపదేశకాండంలో ఆజ్ఞ అచ్చంగా అదే, నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదని. ఎద్దునీ గాడిదనీ ఒకే కాడికి కట్టి దున్నకూడదు అని ఇంకొకటి. గాడిదకి ఎద్దంత బలం ఉండదు గనక అని మధ్యయుగపు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా రాశాడు. విశ్రాంతిదినం మనిషితోపాటు పశువుకి కూడా.

ఇక మీ గేదె విషయం. తోరాలోనే లేవీయకాండంలో ఒక నియమం ఉంది, తల్లినీ పిల్లనీ ఒకే రోజు కోయకూడదని. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ దీనికి కారణం రాశాడు. ఆయన యూదు తత్త్వవేత్త, స్వయంగా వైద్యుడు. బిడ్డ విషయంలో పశువు పడే బాధకీ మనిషి పడే బాధకీ తేడా లేదన్నాడు. తల్లి ప్రేమ తర్కంలోంచి వచ్చేది కాదు, అది వచ్చే చోటు చాలా జంతువుల్లో కూడా ఉంది అన్నాడు. నువ్వు రాత్రంతా విన్నది ఆ బాధనే. "ఏదో గొడ్డు, రెండ్రోజుల్లో మర్చిపోతుంది" అని ఇరుగుపొరుగు అన్నారన్నావే, నీకు ఆ మాట రుచించకపోవడం సరైనదేరా.

ఇంకో కథ చెప్పనా వద్దా అని ఆలోచించాను. నిన్ను నొప్పించడానికి కాదు, చివరిదాకా చదువు. రబ్బీ యెహూదా హనాసి అంటే వాళ్లలో చాలా పెద్దాయన. క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నాని, అంటే అప్పటిదాకా నోటిమాటగా వచ్చిన ధర్మశాస్త్రాన్ని, కూర్చిన మనిషి. ఒకరోజు కోతకి తీసుకెళ్తున్న దూడ ఒకటి పారిపోయి వచ్చి ఆయన బట్టల్లో తల దూర్చి ఏడ్చింది. ఆయన "పో, నువ్వు పుట్టింది ఇందుకే" అన్నాడు. జాలి చూపలేదు కాబట్టి బాధలు ఈయన మీదికి రానీ అని పైనుంచి నిర్ణయమైంది. పదమూడేళ్లు రోగాలతో విలవిల్లాడాడు. ఒకనాడు ఇంట్లో పనిమనిషి ఊడుస్తుంటే ఓ మూల ముంగిసలాంటి ఏదో చిన్న జంతువు పిల్లలు కనిపించాయి. చీపురుతో నెట్టేయబోయింది. "వాటిని వదిలెయ్యి, దేవుడి కనికరం ఆయన చేసిన అన్నిటి మీదా ఉందని రాసి ఉంది కదా" అన్నాడు ఆయన. అప్పుడు బాధలు ఆయన్ని వదిలాయి.

దూడని కోయడం వాళ్ల ధర్మశాస్త్రంలో తప్పు కాదు, అది గమనించు. ఆయన దాన్ని కాపాడి తీరాల్సిందని కూడా కథ అనదు. తల దూర్చి ఏడుస్తున్నదానితో అన్న ఆ మాట, ఆ "పో", అక్కడే తప్పు జరిగిందని నాకు అనిపిస్తుంది. నువ్వు ఆ మాట అనలేదు బావా. దూడ మెడ పలుపు విప్పేటప్పుడు చెయ్యి వణికిందన్నావు. అప్పులున్నాయి, పాలు పట్టికెళ్లాలి, ఇవన్నీ నాకు తెలుసు. మళ్లీ దున్నదూడ పుడితే ఏం చెయ్యాలా అని ఇప్పట్నుంచే టెన్షన్ పడుతున్నావని కూడా తెలుసు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిద్దాం, ఇద్దరం కలిసి.

ఇంకొక్కటి, ఇది అమ్మకి చదివి వినిపించు. గొడ్డుకి కుడితి పెట్టకుండా అమ్మ అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేది కాదు. ఓసారి జ్వరంతో ఉండి కూడా గోడ పట్టుకుని పాక దాకా వెళ్లింది, తవుడు కలిపిన చేతిని తొట్లోనే జాడించి, గేదె మూతి ముంచాక గానీ వెనక్కి రాలేదు. పశువుకి పెట్టకుండా మనిషి తినకూడదని తాల్ముద్‌లో నియమమే ఉంది. తోరాలో ఒక వాక్యంలో ముందు "నీ పశువులకు గడ్డి" అని వచ్చి, ఆ తర్వాతే "నీవు తిని తృప్తి పొందుదువు" అని వస్తుంది. ఆ వరుసని పట్టుకునే ఈ నియమం తీశారు. అక్షరమ్ముక్క రాని అమ్మకి ఈ వరుస ఎవరు నేర్పారో అడుగు. చెబితే నాకు రాయి.

గేదె ఇప్పుడెలా ఉంది? కుడితి తాగుతోందా? పాలు చేపుతోందా, లేక ఇంకా ఎగబిగపడుతోందా? పొద్దున పితికేటప్పుడు తొందరపడకు, కాసేపు గంగడోలు నిమురుతూ నిలబడు. వచ్చే ఆదివారం బస్సెక్కి వస్తున్నాను, పాక దగ్గరే మంచం వెయ్యి.

నీ
బావమరిది