టైటిల్ పాటని సగంలో కొయ్యకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

రాజోలు దగ్గర మా ఊళ్ళో నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా టీవీ నడుస్తూనే ఉంటుంది గానీ నేను చూసేది తక్కువ, వినేది ఎక్కువ, కళ్ళు సూది మీద ఉండాలి కదా. పక్కన మంచం మీద అత్తయ్యగారు. ఆవిడకి చూపు బాగా తగ్గిపోయింది. ఏ సీరియల్ మొదలయిందో, దొడ్లో పని ఆపి ఎప్పుడు లోపలికి రావాలో మా ఇద్దరికీ చెప్పేది టైటిల్ పాటే.

ఛానల్ పేరు రాయను గానీ, పాత కామెడీ సీరియల్ ఒకటి ఈమధ్య మళ్ళీ వేస్తున్నారు. మొదట్లో వచ్చినప్పుడు పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి, అన్నీ కలిపి నిమిషం పైనే ఉండేది. ఇప్పుడు మొదటి లైను అయ్యి రెండో లైను ఎత్తుకున్నాడో లేదో, మాట ఇంకా నోట్లో ఉండగానే టక్కున ఆగిపోయి లోగో గిర్రున తిరుగుతుంది. ఫోన్లో టైం పెట్టి చూశాను, 11 సెకన్లు. మొదటిరోజు అత్తయ్యగారు "కరెంటు పోయిందా అమ్మాయ్?" అని అడిగారు.

ఎందుకు కోస్తున్నారో నాకు తెలియక కాదు. స్లాటు అరగంటే, అందులోనే యాడ్స్ పట్టాలి, రాబోయే సీరియళ్ళ ప్రోమోలు పట్టాలి. కథలో సీను కోస్తే చూసేవాళ్ళకి అర్థం కాదు కాబట్టి కత్తెర ముందు పాట మీద పడుతుంది. కానీ యాడ్స్‌కీ ఒక హద్దుంది, గంటకి 12 నిమిషాలు దాటకూడదని, అందులో ఛానల్ సొంత ప్రచారం 2 నిమిషాలేనని 2006 నుంచీ కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. అంటే పాట వెయ్యడానికి చోటు లేకపోలేదు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడికి ఫోన్లో ఈ గోడు చెప్పుకుంటే "ఇక్కడా అంతే అక్కా" అన్నాడు. అక్కడ 1960ల్లో అరగంట కామెడీ అంటే యాడ్స్ పోను 25 నిమిషాల పైనే ఉండేదట, ఇప్పుడు 22 నిమిషాల దగ్గరికి వచ్చేసింది, పాతవి లోకల్ స్టేషన్లు మళ్ళీ వేసేటప్పుడు ఇంకా తగ్గిస్తారు. వాడే ఇంకో సంగతి చెప్పాడు. 1994లో మొదలైన ఫ్రెండ్స్ సీరియల్‌కి ది రెంబ్రాండ్స్ అనే బ్యాండు వాళ్ళు పాడిన టైటిల్ పాట ముందు ముప్పావు నిమిషమేనట. నాష్‌విల్‌లో ఒక రేడియో వాళ్ళు ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ అతికించి పాటంత చేసి వేస్తే జనం అది కావాలని తెగ అడిగారు, చివరికి ఆ బ్యాండు వాళ్ళు కూర్చుని మిగతా పాట కూడా రాసి రికార్డు చెయ్యాల్సి వచ్చింది. జనానికి అక్కర్లేదని ఛానళ్ళు ఎలా అనుకుంటున్నాయో మరి!

మన దగ్గర అమృతం సీరియల్ ఉంది, 2001 నుంచి 2007 దాకా ఆదివారాలు వచ్చేది. దాని టైటిల్ పాట రాసింది సిరివెన్నెల గారు, బాణీ కట్టింది కల్యాణీ మాలిక్ గారు. అంతటి కవి సీరియల్ పాటే కదా అని తక్కువగా చూడలేదు, కష్టం వస్తే కుంగిపోవద్దని మనలాంటి వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో రాశారు. అలాంటి పాటల్లో చరణం తీసేస్తే పోయేది సంగీతం ఒక్కటే కాదు, రాసినాయన చెప్పదలుచుకున్నది కూడా పోతుంది. ఇప్పుడు టైటిల్ పాట మీదే వచ్చే పేర్లు కూడా చదివేలోపు వెళ్ళిపోతున్నాయి.

మా చిన్నప్పుడు తీర్థంలో నాటకం వేస్తే ముందు మైకులో ప్రార్థన వినబడేది. అది విన్నాకే కాలవ అవతలివాళ్ళు చాప చంకన పెట్టుకుని బయల్దేరేవారు, వాళ్ళు వంతెన దాటి వచ్చి కూర్చునేసరికి తెర లేచేది. ఆ ప్రార్థనని సగంలో ఆపిన కాంట్రాక్టరుని నేను చూడలేదు.

మొన్న పాట ఆగిపోయాక మిగతాది అత్తయ్యగారే అందుకున్నారు. చరణంలో రెండు లైన్లు పాడి, మూడోది గుర్తురాక నా వైపు తిరిగారు. నాకూ గుర్తు రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

రోజూ వెయ్యలేకపోతే సోమవారం ఎపిసోడ్‌కైనా పాట మొత్తం వెయ్యమని మీ పేపర్ ద్వారా ఛానళ్ళని అడుగుతున్నాను. మిగతా రోజుల్లో కొయ్యక తప్పదనుకుంటే పల్లవి పూర్తయ్యాక కొయ్యండి, మాట మధ్యలో వద్దు. రాసినవాళ్ళ పేరు, పాడినవాళ్ళ పేరు చదవడానికి అందేంతసేపు తెర మీద ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజోలు