బట్టల కొట్ల చరిత్ర తూకానికి పోతోంది

తాతలు పెట్టిన బట్టల కొట్లు మూతపడుతుంటే వాటి చరిత్ర కూడా పాతకాగితాల తూకానికి పోతోంది. ఒక కుటుంబం కొట్టు ఖాళీ చేస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. అరువు ఖాతాల మధ్య ఒక శాంపిళ్ల పుస్తకం దొరికింది. పేజీకి నాలుగు గుడ్డముక్కలు, పక్కనే ధర, తేదీ. నూలు ముక్కల వరుసలో ఒకచోట పాలిస్టర్ మొదలైంది. 1941లో ఇంగ్లండులో కనిపెట్టిన ఆ దారం మామూలు జనం ఒంటిమీదికి ఎప్పుడొచ్చిందో చెప్పే సాక్ష్యం అది! సాయంత్రానికి గోనెసంచిలోకి చేరింది. గ్రంథాలయాలే ముందుకొచ్చి ఇలాంటి పుస్తకాలను స్కాన్ చేయించి, అసలువి కుటుంబాలకే తిరిగివ్వాలి. గల్లాపెట్టె దగ్గర జీవితమంతా కూర్చున్న పెద్దల మాటలను ఫోన్‌లోనైనా రికార్డు చేయాలి, అదీ కొట్టు అమ్మకానికి పెట్టకముందే.