ఊరు దాటేముందు ఒక్క మాట చెప్పండి

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గరికొచ్చాయి. మళ్లీ బడి తెరిచేసరికి కొన్ని చోట్లు ఖాళీగా ఉంటాయని నాకు తెలుసు, ఎందుకంటే నాలుగో తరగతిలో అట్లా ఖాళీ అయిన చోటు నాదే. మాది నారాయణపేట వైపు ఊరు, అప్పట్లో అదంతా మహబూబ్‌నగర్ జిల్లానే. వానలు పడని ఆ ఏడు అమ్మానాన్న పుణెలో బిల్డింగ్ పనికి పోతూ, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికని నన్నూ తీసుకుపోయారు. ఉగాదికి తిరిగొచ్చాం.

బడికి పోవాలంటే ఒకటే టెన్షన్, పేరు కొట్టేసి ఉంటారని. మా సారు నన్నేమీ అడగలేదు. దగ్గరికి పిలిచి రిజిస్టర్ తెరిచి చూపించారు. నెలల తరబడి ఆబ్సెంటే, కానీ నా పేరు పక్కన సన్నగా పెన్సిల్‌తో 'వస్తది' అని రాసి ఉంది. ఆ తర్వాత "పుణెల అమ్మకు రోజుకెంత ఇచ్చిన్రు? వారానికెంతయింది?" అని అడుగుతూ, ఆ కూలి లెక్కలతోనే నేను పోగొట్టుకున్న గుణకారాలన్నీ నేర్పించారు. హైస్కూల్లో మళ్లీ అట్లాగే ఆలస్యంగా వస్తే ఇంకో టీచర్ తలుపు దగ్గరే నిలబెట్టి "మీకెందుకు చదువు" అన్నారు, అదీ మర్చిపోలేదు. మా బడిలో ఎవరూ ఏ పిల్లతోనూ ఆ మాట అనకూడదని మొదటి స్టాఫ్ మీటింగ్‌లోనే చెప్పాను.

మా సారు తనంతట తాను చేసింది ఇప్పుడు చట్టంలోనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు మధ్యలో చదువు ఆగినా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. టీసీ ఆలస్యమైందని ఇంకో బడి వాళ్లు చేర్చుకోకుండా ఉండటానికి లేదు.

పనికి పోవద్దని నేను అనలేను, ఇంటి అవసరం మీకే తెలుసు. పిల్లల్ని ఇక్కడే ఉంచే దారి ఉందేమో ముందు చూద్దాం. అమ్మమ్మ ఇల్లో, వలస పోయేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టలో, ఏది వీలైతే అది. తీసుకుపోక తప్పకపోతే ఏ ఊరికో చెప్పి, ఒక ఫోన్ నంబర్ ఇచ్చి వెళ్లండి. రేపు బస్సు అని ఈ రోజు చెప్పినా సరే, టీసీ, పుస్తకాలు సిద్ధం చేసి ఉంచుతాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు