రైన్ మీద పంటు వింతయితే మరి గౌతమి మీదది?

సంపాదకులు గారికి నమస్కారం అండి.

జర్మనీలో చదువుతున్న మన కోనసీమ అమ్మాయి ఒక్కరోజులో రైళ్లెక్కి ఊళ్లన్నీ చుట్టేసి వచ్చిందని మీ జిల్లా పేజీలో సగం పేజీ వేశారు కదా, అది వచ్చి వారం దాటిపోయింది, రాద్దామా వద్దా అనుకుంటూనే ఉన్నా, నిన్న రేవులో మళ్లీ ఎండలో నిలబడ్డాక ఇంక ఆగలేక రాస్తున్నాను. ముందే చెప్తున్నా, ఆ పిల్ల మీద నాకేం లేదు. చక్కగా చదువుకుంటోంది, చక్కగా తిరిగింది, చెప్పడం కూడా ముచ్చటగా చెప్పింది. నా గొడవంతా మీతోనూ, మనల్ని ఏలే దొరలతోనూ.

పొద్దున్నే ఆఖెన్‌లో రైలెక్కి కొలోన్‌లో దిగిందట, స్టేషన్ బయట అడుగు పెడితే ఎదురుగానే ఆ పెద్ద చర్చి, 1248లో మొదలెట్టి 1880కి పూర్తి చేశారట, 533 మెట్లెక్కి పైనుంచి రైన్ నది చూసి, మళ్లీ రైల్లో నది ఒడ్డమ్మటే కోబ్లెంజ్ వెళ్లి, మోసెల్ నది వచ్చి రైన్‌లో కలిసే చోట కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని, అక్కణ్ణుంచి సాంక్ట్ గోఆర్, పంటెక్కి, అంటే బండ్లనీ మనుషుల్నీ నది దాటించే బల్లకట్టు లాంటి పడవెక్కి, అవతలొడ్డుకి, లోరెలై కొండ చూసుకుని రాత్రికి రూముకి. ఇంతా చేసి విడిగా టికెట్ కొనలేదు. సెమిస్టర్ ఫీజులోనే పాసు కలిపేశారట, దేశం మొత్తం మీద లోకల్, ప్రాంతీయ రైళ్లు ఏదైనా ఎక్కొచ్చు. మామూలు జనానికి కూడా అలాంటి నెల పాసు 2023 మేలో 49 యూరోలకి పెట్టారు, పెంచుకుంటూ పోయి 2026 జనవరి నుంచి 63 చేశారు. అసలు రాయాల్సింది ఇదండి. మీరు దాన్ని ఒక్క లైన్లో తేల్చేసి, చర్చి ఫొటో ఇంత పెద్దది వేసి, పంటు ఫొటో కింద మాత్రం కార్లను కూడా ఎక్కించుకుని నది దాటించే వింత అని రాశారు.

వింతా! మీ విలేకరి గారిది ఏ ఊరండి? కోటిపల్లి రేవు, సఖినేటిపల్లి రేవు ఆయన జన్మలో చూళ్లేదా? మా పంటు మీద కార్లు, బైకులు, కొబ్బరికాయల ఆటోలు, పెళ్లివారు, మధ్యలో పుస్తకాల సంచీలతో పిల్లలు, అన్నీ కలిసే దాటతాయి. ఒడ్డున ఇసకలో రెండు చెక్కలు వేస్తారు, బైకు ముందు చక్రం ఆ చెక్క మీద పెట్టి యాక్సిలేటర్ ఇచ్చేటప్పుడు వెనకాల ఎవరో ఒకరు సీటు పట్టుకోవాలి, లేకపోతే బండీ మనిషీ కలిపి గోదాట్లోకే. దీనికి ఎవరూ ఫొటో తియ్యరు. ధవళేశ్వరంలో నీళ్లు 11.75 అడుగులకొచ్చి మొదటి హెచ్చరిక ఎగరేసే లోపే మా రేవుల్లో పంటు కట్టేస్తారు, ఇంక యానాం మీదుగానో రావులపాలెం మీదుగానో చుట్టూ తిరిగి చావాలి, ఎదురుగా కనపడే ఊరికి.

అక్కడ బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా సుమారు 65 కిలోమీటర్లు రైన్ మీద ఒక్క వంతెన లేదని ఆ పిల్లే చెప్పింది, మీరు వేశారు కూడా. అయినా అక్కడోళ్లు మనలా గోల పెట్టట్లేదంటే కారణం ఉంది, నదికి రెండు ఒడ్లమ్మటా రైలు లైన్లున్నాయి. మా రేవుల దగ్గర వంతెనా లేదు రైలూ లేదు. జిల్లా కేంద్రం అమలాపురానికి ఇవాళ్టికీ రైలు స్టేషన్ లేదు, రైలెక్కాలంటే రాజమండ్రో, కాకినాడో, పాలకొల్లో పోవాలి.

కాకినాడ నుంచి కోటిపల్లికి తెల్లోడు 1928లోనే రైలు వేశాడు, రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాలు పీక్కుపోయాడు, మనోళ్లు మళ్లీ వేసేసరికి 2004 వచ్చింది. దాని మీద నడిచిన రైలు బస్సు కరోనాలో ఆపేశారు. ఇక కోటిపల్లి నుంచి నరసాపురం, 57 కిలోమీటర్లు, బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉండగా 2000-01 బడ్జెట్లో మంజూరయింది. ఆయన 2002లో పోయారు. దారిలో గోదావరి పాయలు మూడు దాటాలి, గౌతమిలో పిల్లర్లు లేచాయి, ఇంకా వైనతేయ ఉంది, వశిష్ట ఉంది. ముక్తేశ్వరం రేవులో నిలబడి చూస్తే ఆ పిల్లర్ల నెత్తిన నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి, ఇరవై ఐదేళ్ల ప్రాజెక్టుకి ఇప్పటికి ప్రయాణికులు అవే. కొలోన్ చర్చికి ఆరువందల ఏళ్లు పట్టిందని రాశారుగా, మన రైల్వే వాళ్లు దాన్నే లెక్కలోకి తీసుకున్నట్టున్నారు.

ఇంకో మాట, అక్కడ రైళ్లు నిమిషం తేడా లేకుండా నడుస్తాయని రాసేశారు, అదీ తప్పే. మా మేనల్లుడు అక్కడే చదువుతున్నాడు, లేటు గురించి వాడు తిట్టని తిట్టు లేదు. 2024లో దూరప్రాంత రైళ్లలో టైముకి వచ్చినవి నూటికి 62 చిల్లరే, అదీ వాళ్లు ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లేటు కింద లెక్కెయ్యరు. ఫారిన్ అనగానే కళ్లు మూసుకుని పొగడ్డం ఏంటండి, ఒకప్పుడు మీ పేపర్లో అచ్చుతప్పు ఉంటే మర్నాడు సవరణ వేసేవారు.

మన టూరిజం వాళ్ల సంగతి చెప్పాలంటే ఈ కాయితం చాలదు. సంక్రాంతికి ఫ్లెక్సీలు కట్టి కోనసీమ ఆంధ్రా కేరళ అంటారు, పడవ పోటీలు పెడతారు, కనుమ మర్నాడు అంతా ఖాళీ. రేవులో ఆడవాళ్లకి ఒక మరుగుదొడ్డి కట్టించండి మహానుభావా అని ఓ ఆఫీసుకి అర్జీ ఇస్తే, రేవు మా పరిధి కాదు ఫలానా శాఖది అన్నారు, ఆ శాఖకి వెళ్తే రేవు వేలం పాడుకున్న పాటదారుణ్ణి అడగమన్నారు, పాటదారుడు నవ్వాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకి బస్సు ఫ్రీ చేశారు, సంతోషం, కాదన్ను, కానీ ఫ్రీగా ఎక్కడానికి ముందు బస్సంటూ రావాలి కదండి. మగపిల్లల పాసేమో ఇంటి నుంచి కాలేజీకి, ఆ రూటు తప్పితే చెల్లదు. అమలాపురంలో డిగ్రీ చదివే కుర్రాడు ఆదివారం ఒక్కరోజులో ద్రాక్షారామం చూసి, అంతర్వేదిలో వశిష్ట సముద్రంలో కలిసే చోటుకెళ్లి, చీకటిపడే లోపు ఇల్లు చేరగలడేమో చెప్పండి, సొంత బండి లేకుండా.

2027లో పుష్కరాలొస్తున్నాయి, అప్పుడు ఎలాగూ స్పెషల్ పేజీలు వేస్తారు. ఈలోపు మీ విలేకరి గారిని ఒక్కరోజు పంపండి. పేపరు కారు వద్దు, బస్సులోనూ పంటు మీదే తిరగమనండి. పొద్దున్నే అమలాపురం బస్టాండ్లో ఎక్కి ముక్తేశ్వరం రేవు దాటి ద్రాక్షారామం, మళ్లీ వెనక్కొచ్చి అంతర్వేది. టిఫినూ భోజనమూ కట్టుకుని రమ్మనండి, తిరుగు బస్సు తప్పిపోతే పడుకోడానికి దుప్పటి మేమిస్తాం.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
ముక్తేశ్వరం, కోనసీమ జిల్లా