నావిక్ రిసీవర్లకు తిరుపతిలోనే పరీక్షా కేంద్రం కావాలి

సంపాదకులకు,

జీపీఎస్‌లా స్థానం చెప్పే మన దేశపు సొంత వ్యవస్థ నావిక్. ఆ ఉపగ్రహాలు ఎగిరే శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోదే. స్థాన నిర్ధారణ సాంకేతికత మీదే పనిచేసే నవావిష్కార్ ఐ-హబ్ తిరుపతి ఐఐటీలో ఉంది. రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్నాయి. ఇన్ని ఉన్నా, ఇక్కడ తయారైన రిసీవర్ లారీకి బిగించాలంటే పరీక్షలు, అనుమతులకు ఒక దారి, సైనిక వాహనానికి బిగించాలంటే వేరే దారి. ఈ రెండు దారులనూ మొదట్లోనే కలపమని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

నావిక్ పుట్టిందే ఉమ్మడి అవసరం కోసం. ఎల్5 (1176.45 మెగాహెర్ట్జ్), ఎస్ అనే రేడియో బ్యాండ్లలో అందరికీ ఉచిత సేవ ఒకటి, అనుమతి ఉన్నవారికే అందే ఎన్‌క్రిప్టెడ్ సేవ మరొకటి. తొలి ఉపగ్రహాల్లోని దిగుమతి అణు గడియారాలు కొన్ని పాడయ్యాక, 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో స్వదేశీ రుబీడియం గడియారం పెట్టారు, పౌర అవసరాలకు ఎల్1 బ్యాండు కూడా చేర్చారు. ఉపగ్రహం బాధ్యతంతా ఇస్రోదే కాబట్టి ఆ పని ఒక దారిన నడిచింది. రిసీవర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రవాణా, రక్షణ, శాస్త్ర సాంకేతిక శాఖలు ఎవరి కాగితం వారు అడుగుతున్నాయి.

నష్టం ఎక్కడ జరుగుతుందో చెప్పాలి. చిన్న సంస్థ ముందు బస్సు ట్రాకర్ కోసం బోర్డు గీస్తుంది. ధర తగ్గాలని 0 నుంచి 70 డిగ్రీల మధ్య పనిచేసే వాణిజ్య గ్రేడు చిప్పులు వేస్తుంది. తర్వాత సైన్యానికి ఇవ్వబోతే మైనస్ 40 నుంచి 85 డిగ్రీల గ్రేడు, కొన్ని చోట్ల మైనస్ 55 నుంచి 125 డిగ్రీల గ్రేడు కావాలంటారు. అదే చిప్పు ఆ గ్రేడులో దొరక్కపోవచ్చు. దొరికినా పిన్నుల అమరిక వేరైతే బోర్డు మళ్లీ గీయాల్సిందే. గడ్డకట్టే చలిలో, రిసీవర్‌కు సమయం లెక్క ఇచ్చే క్రిస్టల్ ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ పక్కకు జరిగి, రిసీవర్ ఉపగ్రహాన్ని పట్టుకోవడానికి చాలాసేపు వెతుక్కుంటుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల సామర్థ్యం పడిపోతుంది. వైబ్రేషన్ టేబుల్ మీద బరువైన కాయిల్ సోల్డర్ దగ్గర చిట్లుతుంది. అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది పవర్ సప్లై. ఉపగ్రహ సంకేతం నేలకు చేరేసరికి దాదాపు మైనస్ 130 డీబీఎం (సంకేత బలానికి కొలత). అంత సన్నని సంకేతాన్ని సొంత బోర్డులో కరెంటును సర్దే స్విచింగ్ రెగ్యులేటర్ రొదే మింగేస్తుంది. మిల్-స్టాండర్డ్-461 (పరికరాల విద్యుదయస్కాంత రొదకు సైనిక ప్రమాణం) పరీక్షలు చేసే, బయటి రేడియో సంకేతాలు చొరబడని షీల్డెడ్ గదిలో పెట్టి కొలిస్తే ఆ రొద ఎక్కడ పుడుతోందో తేలుతుంది. తొలి డిజైన్ నాడు ఒక ఫిల్టర్, ఒక రేకు మూతతో పోయే లోపం, బోర్డులు వందల్లో తయారయ్యాక సంస్థనే ముంచుతుంది.

డబ్బు లేదనడానికి లేదు. 2018లో వచ్చిన రక్షణ శాఖ పథకం ఐడెక్స్ తన మామూలు పోటీల కింద అంకుర సంస్థలకు రూ.1.5 కోట్ల వరకు, డీఆర్‌డీఓ నడిపే సాంకేతికాభివృద్ధి నిధి ఒక్కో ప్రాజెక్టుకు రూ.50 కోట్ల వరకు ఇస్తున్నాయి. పౌర పథకం కింద నిధులిచ్చే రోజే సైన్యం తరఫున ఒక అధికారిని కూర్చోబెట్టి, ఒకే స్పెసిఫికేషన్ రాయించాలి. లోపలి బోర్డు ఇద్దరికీ ఒకటే ఉండాలి. పెట్టె, కనెక్టర్లు, రహస్య సంకేతాన్ని విప్పే మాడ్యూల్ మాత్రమే మారాలి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఒకసారి నెగ్గిన పరీక్షను రెండో శాఖ మళ్లీ చేయమనకూడదు. విదేశాలకు అమ్మాలనుకునేవారికి స్కోమెట్ జాబితా (ఎగుమతికి లైసెన్సు కావాల్సిన వస్తువుల జాబితా) గురించి కూడా ఆ రోజే చెప్పాలి. ఆర్డరు చేతికొచ్చాక లైసెన్సు కావాలని తెలిస్తే ఆ ఆర్డరు నిలవదు.

సమన్వయం పేరుతో అన్నిటికీ రహస్యమనే తాళం వేయమని మేము అడగడం లేదు. చిత్తూరు దారిలోని గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ సమాచారం మీద విశ్వవిద్యాలయాల పరిశోధనలు ఆధారపడ్డాయి. అలాంటివి తెరిచే ఉండాలి.

రక్షణ పరీక్షా వసతుల కోసం 2020లో తెచ్చిన పథకంలో కేంద్రం 75 శాతం వరకు గ్రాంటు ఇచ్చే ఏర్పాటు పెట్టింది. అదే పద్ధతిలో, మిగతాది రాష్ట్రం, పరిశ్రమలు కలిసి భరించేలా, రేణిగుంట - ఏర్పేడు మధ్య ఒక కేంద్రం పెట్టాలి. ఉష్ణోగ్రత, తేమ ఛాంబర్, వైబ్రేషన్ టేబుల్, షీల్డెడ్ గది, ఉపగ్రహ సంకేతాల సిమ్యులేటర్ అందులో ఉండాలి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో కొండకు తగిలి తిరిగొచ్చే సంకేతాలను రికార్డు చేసి సిమ్యులేటర్‌లో మళ్లీ మళ్లీ వినిపించవచ్చు. ఘాట్ బస్సు ట్రాకర్‌కూ, సరిహద్దు కొండల్లో తిరిగే సైనిక వాహనానికీ ఆ పరీక్ష ఒకటే.

- ఎలక్ట్రానిక్స్ డిజైన్, పరీక్షల రంగంలో పనిచేస్తున్న కొందరు, తిరుపతి