కలివికోడి ఉన్నట్టా, పోయినట్టా?

అటవీ శాఖ ఉన్నతాధికారి గారికి,

సార్, కడప జిల్లావాణ్ణి, సూటిగా అడుగుతున్నా. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట, 1986లో మన రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట టార్చి వెలుగులో దొరికింది కదా, దానికోసమే లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్లించారు. అలాంటిది, మళ్లీ కొన్నేళ్లుగా కనబడలేదు కాబట్టి ఇక లేదనేస్తే ఎలా? పగలంతా ముళ్లపొదల్లో నక్కి చీకటి పడ్డాక తిరిగే పిట్ట అది, జీపులో వెళ్తే ఎదురొస్తుందా! మెత్తటి మట్టి పరిచి కాలిముద్రలు చూడండి, అరుపులు రికార్డు చేయండి. ముందుగా గొర్రెల కాపర్లను అడగండి, ఆ పొదలు వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియవు. తేలేదాకా ఆ పొదల మీదికి జేసీబీ మాత్రం రానివ్వకండి.